రెండుసార్లు ఎత్తిన చెయ్యి

ఈ వారమే మొదటిసారి ఈ పేజీ తిప్పినవాళ్ళకు మేం ఎక్కడ ఉన్నామో ముందు చెప్పేస్తాను. మా పిట్టకు ఐదేళ్ళు నిండి నాలుగు నెలలు. ఇరవై నాలుగు వారాల కిందట వాళ్ళ నాన్న స్కూటర్ మీంచి జారింది. ఆయన పడిపోతూ కూడా పిల్ల ఎడమ చెయ్యి వదల్లేదు. వదలనందుకే పిల్ల చక్రం కిందికి పోలేదు. వదలనందుకే మెడ దగ్గర నరం సాగిపోయి చెయ్యి వేలాడిపోయింది. ఆరో నెల దాటకముందే నరానికి ఆపరేషన్ చేయాలి, దాటితే కండరం ఇక మాట వినదు అన్నారు. ఆ ఆపరేషన్ చేసే పెద్ద డాక్టరు నెలలో ఒక్క శుక్రవారమే వస్తాడు. పోయిన నెల లిస్టులో పిట్ట పేరుంది. చెయ్యి దానంతటదే లేస్తోందని ఆ పేరు కొట్టేశారు. లేస్తున్నట్టు చూపించింది, వ్యాయామం కోసం వైద్యశాల వాళ్ళిచ్చిన, కళ్ళకు కట్టుకునే హెడ్‌సెట్‌లోని ఆట. ఆ ఆటలో పిట్టకు నచ్చేలా బొమ్మను తయారుచేసింది నేను. పోయిన వారం మిమ్మల్ని అక్కడే వదిలాను, ఇంటిల్లిపాదీ నవ్వుతుండగా.

బుధవారం పొద్దున పదకొండు గంటలకు ఫోన్ మోగింది. బొమ్మలన్న. నాకు పని ఇచ్చేది ఆయనే.

"చెల్లెమ్మా, నువ్వు పంపిన సిపాయి బొమ్మకి చంకల్లో గడ్డలేమైనా లేచాయా?"

"ఏమైందన్నా?"

"ఏం చెప్పమంటావు. కొన్నాయన పొద్దున్నుంచి నా ప్రాణం తోడేస్తున్నాడు. హెడ్‌సెట్ పెట్టుకుని తన చేతులు కిందికి దించితే సిపాయి చేతులు దిగట్లేదట. చెరో చంకలో ఒక పుచ్చకాయ ఇరికించుకున్నట్టు నిలబడుతున్నాడట. వీడు యుద్ధానికి వెళ్తున్నాడా, సంతకు వెళ్తున్నాడా అని అడుగుతున్నాడు నన్ను."

నవ్వాను. నవ్వకుండా ఉండలేం ఆయనతో.

నా పని సంగతి చెబితే వినేవాళ్ళు వింతగా చూస్తారు. ఎవరో ఎక్కడో చేసిన త్రీడీ బొమ్మల్ని ఇంటర్నెట్‌లోంచి దింపుకుని, హెడ్‌సెట్ పెట్టుకున్న మనిషి వాటిలో దూరగలిగేట్టు మారుస్తాను. మీరు చెయ్యి ఊపితే లోపలి బొమ్మ చెయ్యి ఊపాలి. దింపిన బొమ్మ అలా ఊపదు. దానికి ఎముకలుంటాయి గానీ వాటి పేర్లు హెడ్‌సెట్‌కు తెలియవు. చేసినాయన మోచేతికి పదమూడో ఎముక అని పేరు పెట్టి ఊరుకుంటాడు. నేను ఒక్కొక్కదాన్నే పట్టుకుని ఇది భుజం, ఇది మోచెయ్యి, ఇది మణికట్టు అని చెప్పాలి. బరువెక్కువైన జుట్టు పలచన చేయాలి. రెప్పలు వాల్చడం నేర్పాలి. అన్నిటికంటే ముందు చేతులు చాపాలి. దింపిన బొమ్మల్లో సగం, చేతులు కిందికి వాల్చుకుని వస్తాయి. హెడ్‌సెట్‌కు మాత్రం దర్జీ ముందు కొలతలిచ్చే మనిషిలా రెండు చేతులూ అడ్డంగా చాపి నిలబడ్డ బొమ్మే కావాలి. చెయ్యి ఎంత లేచింది, ఎంత దిగింది అనే లెక్క అది అక్కడి నుంచే మొదలుపెడుతుంది.

"చేతులు చాపే పంపానన్నా. ప్రతి బొమ్మకూ చాపుతాను కదా."

"చాపావులే. లోపల రాత తుడిచావా?"

"ఏ రాత?"

అవతల ఆయన ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. "మూడు నెలల కిందట హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్‌కు కొత్త వెర్షన్ వచ్చింది కదమ్మా. ఇప్పుడు అదే చాపుతుంది చేతులు. ఫైలు లోపల 'వాల్చిన చేతులు' అని రాసి ఉంటే చాలు, ముందూ వెనకా చూడదు, నలభై ఐదు డిగ్రీలు పైకి ఎత్తేస్తుంది. నువ్వు చేత్తో ఎత్తి, ఆ రాత తుడవకుండా వదిలేశావనుకో, అది ఇంకోసారి ఎత్తుతుంది. అదీ మన సిపాయిగారి పుచ్చకాయల కథ. గ్రూపులో పెట్టాను నేను. అంతా ఇంగ్లీషులో ఉంది, నువ్వు చదివి ఉండవు."

"చదవలేదన్నా." తొమ్మిదో తరగతిలో బడి మానిన సంగతి ఆయనకు తెలుసు. ఆ మాట ఎత్తని మంచితనం కూడా ఆయనకుంది. "అరగంటలో సరిచేసి పంపిస్తాను."

సిపాయిని తెరిచాను. రాత వెతకడానికి పది నిమిషాలు పట్టింది, తుడవడానికి ఒక్క నొక్కు. హెడ్‌సెట్ తలకు తగిలించుకుని నా చేతులు దించాను. సిపాయి చేతులు బుద్ధిగా తొడల పక్కకు దిగాయి. ఎత్తాను, ఎత్తాడు. దించాను, దించాడు. హమ్మయ్య అనుకున్నాను.

ఆ హమ్మయ్య గొంతులో ఉండగానే గౌను బొమ్మ గుర్తొచ్చింది.

వైద్యశాల వాళ్ళ ఆటలో మొదట వాళ్ళ బొమ్మే ఉండేది. బూడిద రంగు మనిషి. జుట్టు లేదు, కళ్ళు లేవు. పిట్ట దాన్ని చూసి దడుచుకుని హెడ్‌సెట్ లాగి పారేసేది. గుండుమామ వద్దు, గుండుమామ వద్దు అని ఒకటే ఏడుపు. ఆ ఏడుపు మధ్యే చెయ్యి ఇరవై ఎనిమిది డిగ్రీలు లేచింది. నేను కూర్చుని మూడు రోజుల్లో ఒక అమ్మాయి బొమ్మను మార్చాను. రెండు జడలు, గుమ్మటం లాంటి గౌను. అది పెట్టుకున్న మొదటి రోజే ఆట డెబ్బై దాటి చూపించింది. పిల్లలకు నచ్చిన బొమ్మ పెడితే చూడండి ఎలా ఉంటుందో అని వ్యాయామం నేర్పే మేడమ్ ఫోన్‌లో పొంగిపోయింది. ఆవిడ గొంతు విని నేను వంటగదిలో నేల మీద కూర్చుని ఏడ్చాను.

ఆ బొమ్మకూ చేతులు కిందికి పూర్తిగా దిగవు. చూశాను. చూసి సంతోషించాను. ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ గౌనంటే భయం. చెయ్యి దించగానే అరచెయ్యి గౌనులోంచి దూరిపోయి, నడుములోంచి వేళ్ళు బయటికొచ్చి, చూడటానికి దయ్యంలా ఉంటుంది. నా బొమ్మ చేతులు మాత్రం గౌను అంచు మీద ఆగాయి, బుట్టగౌను వేసుకున్న పిల్ల దాన్ని నలగనివ్వకుండా చేతులు కాస్త ఎడంగా పెట్టుకున్నట్టు. ఎంత బాగా కుదిరిందో అనుకున్నాను. బొమ్మలన్న కూడా మెచ్చుకున్నాడు.

గౌను బొమ్మ ఫైలు తెరవాలని మౌస్ మీద చెయ్యి పెట్టాను. తర్వాత చూద్దాంలే, నీళ్ళు తాగి వద్దాం, బట్టలు ఆరేసి వద్దాం. కాసేపు అలా నాకు నేనే సాకులు చెప్పుకున్నాను.

అప్పుడే అత్తయ్య వచ్చి కీబోర్డు మీద పిట్ట గౌన్లు రెండు పరిచింది. ముప్పై ఏళ్ళు కుట్టుపని చేసిన మనిషి. కళ్ళు మసకేసినా వేలు పెట్టి తడిమితే ఏ కుట్టు ఎప్పుడు వేసిందో చెబుతుంది.

"ఇవి చూడమ్మాయ్."

"పనిలో ఉన్నాను అత్తయ్యా."

"నీ పని ఎక్కడికీ పోదు. ఇటు చూడు. రెండు నెలల్నుంచి మార్చి మార్చి వేస్తున్న గౌన్లివి. కుడి చంకలో కుట్టు ఊడింది, వేశాను. మళ్ళీ ఊడింది, మళ్ళీ వేశాను. ఇప్పుడు ఎడమ చంక చూడు."

చూశాను. ఎడమ చంకలో దారం నిగనిగలాడుతోంది. బట్ట మీద ఇస్త్రీ మడత కూడా అలాగే ఉంది.

"నేను కుట్టిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. భుజం దాకా లేచే చెయ్యి కుట్టును లాగకుండా ఎలా లేస్తుందే?"

"అది ఆటలోనే ఎత్తుతుంది అత్తయ్యా. ఆటలో పిల్లలు నొప్పి మరిచిపోతారని మేడమ్ చెప్పలేదా?"

"ఆటలో వేసుకునేదీ ఈ గౌనే కదమ్మా."

నేనూ ఆ ఎడమ చంక కుట్టు మీద వేలు పెట్టి చూశాను.

పది రోజుల కిందట కూడా ఆవిడ ఇదే అంది. దాని చెయ్యి లేవట్లేదమ్మాయ్, నువ్వు కంప్యూటర్ కేసి చూస్తున్నావు, నేను పిల్లకేసి చూస్తున్నాను అని. అపశకునం మాట్లాడకండి, మీకు నవ్వే ఇల్లు చూస్తే తోచదు అన్నాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఇవాళ గౌన్లు పట్టుకొచ్చింది. నిలదీయడానికి కాదని ఆవిడ ముఖం చూస్తే తెలుస్తోంది. నేను ఏదో ఒకటి చెప్పి తన మాట కొట్టిపారేస్తే బాగుండునన్నట్టు చూస్తోంది.

"అత్తయ్యా, మీ సుద్దముక్క ఇస్తారా?"

పిట్ట పక్కగదిలో నేల మీద పడుకుని కుడిచేత్తో రంగులు వేస్తోంది. ఎడమ చెయ్యి పక్కన ఉంది, ఎవరో అక్కడ పెట్టి మరిచిపోయిన వస్తువులా.

"పిట్టా, గోడకు ఆనుకుని నిలబడమ్మా."

"ఫోటోనా?"

"ఊఁ. ఎడం చెయ్యి ఎత్తు. పక్కకి. ఆటలో ఎత్తుతావు చూడు, అలా."

"బొమ్మ లేకుండానా?" నా ముఖం కేసి అనుమానంగా చూసింది. "తిడతావా?"

"తిట్టను. ఎంత వస్తే అంతే."

పెదవులు బిగించింది. భుజం చెవి దాకా లేచింది. చెయ్యి మాత్రం ఒంటికి కాస్త ఎడంగా జరిగి, వణికి, అక్కడే ఆగింది. నేను చెయ్యి వెంట గోడ మీద సుద్దతో గీత గీశాను.

"నాన్నమ్మా, గోడ మీద గీస్తే అమ్మ ఊరుకోదు తెలుసా," అంది పిట్ట గుసగుసగా. "ఇప్పుడు తనే గీస్తోంది."

అత్తయ్య గుండీలు దాచుకునే రేకు డబ్బా నా బడి రోజుల జామెట్రీ పెట్టె. అందులో కోణమానిని ఇంకా ఉంది, గుండీల అడుగున. కోణాల పాఠం వరకు నేను బడికి వెళ్ళాను. ఆ తర్వాతి పాఠానికి వెళ్ళలేదు. పిల్ల ఒంటి వెంట నిలువు గీత ఒకటి గీసి, రెండు గీతలు కలిసే చోట సున్నా పెట్టి, కళ్ళు చికిలించి చదివాను. నమ్మకం లేక మళ్ళీ పెట్టాను. మూడోసారి పిట్టతో మళ్ళీ చెయ్యి ఎత్తించి, మళ్ళీ గీసి, మళ్ళీ పెట్టాను.

ఇరవై ఎనిమిది.

ఈ సోమవారం ఆట చూపించింది డెబ్బై మూడు. ఆట కొలిచేది బొమ్మ చెయ్యినే. అందులోంచి నలభై ఐదు తీసేయడానికి ఏ చదువూ అక్కర్లేదు.

ఏడు వారాలు. ఒక్క డిగ్రీ కూడా లేవలేదు. గుండుమామతో ఏడుస్తూ ఎంత ఎత్తిందో, రెండు జడల బొమ్మతో నవ్వుతూ అంతే ఎత్తింది. మిగతాదంతా నేను ఎత్తాను. ఒకసారి చేత్తో, ఒకసారి చేతకానితనంతో.

పిల్ల నాకు చెప్పింది. అదే నన్ను తినేస్తోంది. హెడ్‌సెట్ తీసేటప్పుడు రెండు మూడుసార్లు చెప్పింది, "నేను ఎత్తట్లేదమ్మా, అదే ఎత్తేస్తోంది" అని. ఎంత ముద్దుగా చెప్పిందో అనుకుని పక్కింటావిడకు కూడా చెప్పుకున్నాను. ఆట జరిగినంతసేపూ నా కళ్ళు తెర మీదే ఉండేవి. బొమ్మ భుజం దగ్గర చర్మం చిరుగుతోందా, జడ మెడలో దూరుతోందా అని. పక్కనే, చెయ్యి చాపితే తగిలేంత దగ్గర, నా పిల్ల కూర్చుని ఉండేది. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో ఆటలోని గాలిబుడగలు పగలగొట్టాలని కిందామీదా పడుతూ.

పోయిన శనివారం బిస్కెట్ల డబ్బా అలమార రెండో అరలో పెట్టాను. ఎడమచేత్తో తీసుకుంటేనే బిస్కెట్ అన్నాను. అక్కడ ఎత్తేదానివి ఇక్కడ ఎందుకు ఎత్తవు, నా దగ్గర వేషాలా అన్నాను. పిట్ట కాసేపు డబ్బా కింద నిలబడింది. తర్వాత, నాకు బిస్కెట్ వద్దులే అమ్మా, ఆకలి లేదు అని వెళ్ళిపోయింది.

"ఫోటో వచ్చిందా?" అంది పిట్ట.

"వచ్చింది," అంది అత్తయ్య. నా చేతిలోంచి సుద్దముక్క తీసుకుంది. "చాలా బాగా వచ్చింది. రా, నీకు అన్నం పెడతాను."

మా ఆయన ఒంటిగంటకు భోజనానికి వచ్చాడు. లిఫ్టుల మెకానిక్కు. ఎంత కడిగినా వేళ్ళ సందుల్లో నల్ల గ్రీజు పోదు. ప్రమాదం అయినప్పట్నుంచి స్కూటర్ ముట్టుకోని మనిషి, డెబ్బై మూడు అని తెలిసిన మర్నాడు దానికి గాలి కొట్టించుకుని ఇవాళే పనికి వేసుకెళ్ళాడు. మేడమ్ పంపిన గ్రాఫును కాగితం మీద తీయించి అలమార తలుపుకు అంటించింది కూడా ఆయనే. పైకి పోయే గీత అది. అన్నం తింటూ దానికేసి చూస్తుంటాడు.

పిట్ట నిద్రపోయేదాకా ఆగాను. తర్వాత గోడ దగ్గరికి తీసుకెళ్ళి, సుద్దగీతలు చూపించి, మొత్తం చెప్పాను. సిపాయి దగ్గర మొదలుపెట్టి. ఆయన గీత మీద వేలు పెట్టి పైనుంచి కిందికి రుద్దాడు. సుద్దతో పాటు గ్రీజు కూడా అంటుకుంది గోడకు.

"అంటే ఇప్పుడు తప్పు నీదంటావు," అన్నాడు చివరికి.

"నాదే."

"పదిహేడో వారం దాకా రోజూ పడుకునే ముందు ఒకటే అనుకునేవాణ్ణి. చెయ్యి కాకుండా నడుం పట్టుకుని ఉంటే అని. నీ బొమ్మ వచ్చాక అనుకోవడం మానేశాను." కుర్చీలో కూర్చున్నాడు. "నువ్వు తిట్టేదానివి కాదు నన్ను. ఒక్కసారి కూడా తిట్టలేదు. అది ఇంకా కష్టంగా ఉండేది."

"ఇప్పుడు మీరు తిట్టండి."

"ఏమని తిట్టను? చదువుకోలేదనా? పిల్ల నవ్వాలని బొమ్మ చేశావనా?" ముఖం రెండు చేతులతో రుద్దుకున్నాడు. "నిజం చెప్పనా? నువ్వు చెబుతుంటే ఒక్క క్షణం ప్రాణం తేలికపడింది. ఇక నేనొక్కణ్ణే కాదు కదా అనిపించింది. చూడు నా బుద్ధి."

అత్తయ్య వంటగది గుమ్మంలో నిలబడి వింటోంది. "మీ తప్పుల పంపకాలు తర్వాత చేసుకోండి," అంది. "ఎల్లుండి శుక్రవారం. ఆ డాక్టరు వచ్చే రోజు. మళ్ళీ నెలకు పిల్లకు ఆరో నెల దాటిపోతుంది. ముందు ఫోన్ చెయ్యండి."

ఆవిడ లెక్క సరిగ్గా ఉంది. మా ఇద్దరికీ తోచలేదు.

భోజనాల బల్ల మీద ఫోన్ పెట్టి, ఇద్దరికీ వినిపించేట్టు స్పీకర్ నొక్కి, మేడమ్‌కు చేశాను. ఎప్పటిలాగే హుషారుగా ఎత్తింది. ఈ వారం ఎంత చూపించింది, ఎనభై తాకిందా అంది.

"మేడమ్, పిట్టకు ఇరవై ఎనిమిదే లేస్తోంది."

"అదేంటి? పడిందా?"

"పడలేదు. ఎప్పుడూ లేవలేదు. నేను చేసిన బొమ్మలో తప్పుంది. ఉన్నదానికి నలభై ఐదు కలిపి చూపిస్తోంది. ఇవాళే తెలిసింది. గోడ మీద కొలిచాను."

"గోడ మీద దేంతో కొలిచారు?"

"కోణమానినితో."

ఇంకొకరైతే నవ్వేవాళ్ళు. ఆవిడ నవ్వలేదు. కుర్చీ జరిగిన చప్పుడు, తలుపు మూసిన చప్పుడు వినిపించాయి. తిరిగి మాట్లాడినప్పుడు గొంతు సగానికి తగ్గింది.

"మీ పక్కన ఎవరైనా ఉన్నారా?"

బల్లకు అటు ఆయన, ఇటు అత్తయ్య. "లేరండీ," అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. బడిలో మాస్టారు అడిగినప్పుడు కూడా నా నోట్లోంచి ముందు అబద్ధమే వచ్చేది.

"చూడండి, రెండు వారాలకోసారి పిల్లల్ని పిలిపించి నేను స్వయంగా చేత్తో కొలవాలి. నియమం అది. ఆటలో లెక్క బాగానే వస్తోంది కదా అని కొలవలేదు. గ్రాఫు చూసి రాసేశాను. మీ ఒక్క పాప విషయమే అయితే వేరే సంగతి."

"అంటే?"

"మీ బొమ్మ అందరికీ నచ్చింది. మీరు పంపిన వారానికే మిగతా పిల్లలకూ పెట్టించాను. పదకొండు మంది ఆడుతున్నారు దాంతో, మీ పాపతో కలిపి."

ఆయన కుర్చీలో ముందుకు వంగాడు. అత్తయ్య కళ్ళు మూసుకుంది. పదకొండు ఇళ్ళలో పదకొండు గ్రాఫులు, తలుపులకు అంటించి. వాళ్ళలో ఎవరు బిస్కెట్ల డబ్బాలు పై అరల్లో పెడుతున్నారో.

"వాళ్ళలో ఆపరేషన్ అక్కర్లేదని ఎవరి పేర్లయినా కొట్టేశారా మేడమ్?"

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

"ముందు మీ పాప సంగతి మాట్లాడుకుందాం. శుక్రవారం లిస్టు ఇవాళ నాలుగింటికి పెద్ద డాక్టరుగారికి వెళ్తుంది. ఒక చోటు ఖాళీ ఉంది. ఒక్కటే. పాపకు ఈ మధ్య చెయ్యి వెనక్కి తగ్గిందని రాస్తాను. అలా తగ్గడం మామూలే, ఎవరూ ప్రశ్నించరు. ఎల్లుండి పొద్దున ఏడింటికల్లా తీసుకురండి, ఖాళీ కడుపుతో. ఆపరేషన్ అయిపోతుంది."

"మరి బొమ్మ?"

"బొమ్మ సంగతి ఇక్కడితో ఆపేయండి. సరిచేసిన ఫైలు నాకు పంపండి, మెల్లగా నేనే మార్చుకుంటాను. పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి కొలుస్తాను. నెల పడుతుందో, రెండు నెలలు పడుతుందో."

"రెండు నెలలకు వాళ్ళలో కొందరికి ఆరో నెల దాటిపోదా మేడమ్?"

"మీకు అర్థం కావట్లేదు." విసుక్కోలేదు. అలసిపోయిన గొంతుతో, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. "ఇవాళ బొమ్మ తప్పు అని నేను పైకి రాస్తే, ఆ బొమ్మతో కొలిచిన ప్రతి లెక్కా చెల్లదు. పదకొండు మందినీ మళ్ళీ కొలిచేదాకా ఒక్క ఆపరేషన్ కూడా చేయనివ్వరు. శుక్రవారం లిస్టంతా ఆగుతుంది. అందులో మీ పాపా ఉంటుంది. మళ్ళీ నెలకు పాపకు టైముందా? మీరే చెప్పండి. నాకంటే మీకే బాగా తెలుసు."

నాకు బాగా తెలుసు. రోజులతో సహా తెలుసు.

బల్ల అవతలి నుంచి ఆయన నా కేసి చూస్తున్నాడు. తల ఊపుతున్నాడు, అవునను, అవునను అని. ఆయన కళ్ళలో నీళ్ళు చూడటం ప్రమాదం రోజు తర్వాత ఇదే. తప్పు పట్టలేకపోయాను. నా తల కూడా ఊగడానికే సిద్ధంగా ఉంది. ఆ పదిమంది పిల్లల ముఖాలు నాకు తెలియవు. తెలియకపోవడం ఎంత సుఖమో ఆ నిమిషంలో తెలిసింది.

"ఉన్నారా?" అంది మేడమ్. "నాలుగింటికి ఇంకా గంటన్నరే ఉంది. పాప పేరు రాయనా, వద్దా?"

"రాయండి మేడమ్," అన్నాడు ఆయన. పైకే అన్నాడు.

అత్తయ్య బల్ల మీదికి వంగి తన అరచెయ్యి ఫోన్ మీద బోర్లించింది. సూదిపోట్లతో గట్టిపడిన అరచెయ్యి. కొడుకు కేసి చూడలేదు.

"నువ్వు కాదురా. ఆ బొమ్మ చేసింది ఇది. చెప్పాల్సిందీ ఇదే." నా కేసి తిరిగింది. "పిట్ట నా మనవరాలు. నాకు మాత్రం రాయించాలని లేదా? కానీ అమ్మాయ్, నా మాట పది రోజులు నువ్వు వినలేదు, ఇలా అయింది. ఇప్పుడు ఆ పది మంది ఇళ్ళకూ నువ్వు చెప్పకపోతే ఏమవుతుందో, అది కూడా తెలిసే చెప్పు."

"అమ్మా, నువ్వు ఊరుకో," అన్నాడు ఆయన. "దండం పెడతాను, ఊరుకో."

అరచేతి కింద నుంచి మేడమ్ గొంతు నలిగి వినిపించింది.

"హలో? ఎవరో మగగొంతు వినిపించింది. ఎవరూ లేరన్నారు మీరు. ఎవరున్నారక్కడ? ఇంకా ఎవరెవరికి చెప్పారు?"

నేను అత్తయ్య చెయ్యి పట్టుకుని ఫోన్ మీంచి పక్కకు తీశాను. ఏం చెప్పానో వచ్చే వారం చెబుతాను.